జాకీకీ కారుకీ మధ్య నానమ్మ పీట

పొద్దున తార్నాకలో ఓ మెకానిక్ పాత అంబాసిడర్‌ను ఎత్తుతూ జాకీ తల మీద చెక్క పెట్టాడు. చూసి అక్కడే నిలబడిపోయాను.

నాతోపాటు క్యాంపస్ క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లారా, మా తెల్ల అంబాసిడర్ గుర్తుందా? ఆదివారం నాన్న టైరు విప్పుతుంటే మనమంతా మూగేవాళ్లం. కారును చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టేవారు. "జాకీని నమ్మొద్దు, కింద చెయ్యి పెట్టకుండ్రి" అని మనల్ని దూరం జరిపేవారు. జాకీని పల్చటి అడుగు రేకుకు కాకుండా, గట్టి ఫ్రేము కిందే ఆనించేవారు. మధ్యలో ఒక చెక్క.

ఆ చెక్క మా నానమ్మ పీట. ఆమె పోయాక, దాని కాళ్లు ఊడినా ఎవరూ పారేయలేదు.

"అత్తమ్మ కూసున్న పీటను కారు కింద పెడ్తరా?" మొదటిసారి చూసినప్పుడు అమ్మ ఏడ్చినంత పని చేసింది.

నాన్న పీటను కళ్లకద్దుకున్నారు. "ఇనుముకు ఇనుము ఆనితే ఫ్రేము నలుగుతది. మన కొట్లాటల్ల మా అమ్మ మధ్యల నిలబడి, తనే నలిగింది గని మనల్ని నలగనిచ్చిందా?"



కారు ఎప్పుడో తుక్కుకు పోయింది. ఈమధ్యే నాన్న కూడా పోయారు. ఇవాళ ఇంటికి రాగానే అటక మీది పీట దింపి, తుడిచి, ఆయన ఫొటో ముందు పెట్టాను. నడిమధ్యలో జాకీ నొక్కిన గుండ్రటి గుంట అలాగే ఉంది.

దీపపు కుంది అందులో కదలకుండా కూర్చుంది.