డ్రైను నంబరు పద్నాలుగు

ఆ రిటైరైన నర్సును పేటలో అందరూ వాగుడుకాయ అంటారు. రోజూ పొద్దున్నే చెప్పులు ఒడ్డున విడిచి, సముద్రంలో కలిసే వాగులోకి దిగి, గొడుగు కొక్కెంతో ప్లాస్టిక్ సంచులు లాగుతుంది. ఎవరైనా డ్రైను అన్నారో, అయిపోయారే. "డ్రైను మీ ఇంట్లో ఉంటుంది నాయనా, ఇది వాగు!" వాగైతే రూలు ప్రకారం ఒడ్డున ఖాళీ జాగా వదలాలి. డ్రైనైతే శ్లాబు వేసి, రెండు పక్కల ఖాళీ జాగానూ కార్ల పార్కింగుకి కలిపేసుకోవచ్చు. మునిసిపాలిటీ సరిగ్గా అదే చేయబోతోంది.

అభ్యంతరాలకు ఆఖరి రోజున ఆవిడ ఏడో అర్జీని కూడా మునిసిపల్ గుమాస్తా వెనక్కి తోశాడు. "మా రికార్డులో వాగే లేదు మామ్మగారూ. డ్రైను నంబరు పద్నాలుగు అని రాయండి, తీసుకుంటాను."

"మరి నిరుడు వానలకి మీ ఆఫీసు మెట్లెక్కిందెవరు, మీ మామగారా?"

పక్క బల్లలవాళ్లు పకపకా నవ్వారు. అతను మాత్రం గోడగడియారం చూపించాడు. అయిదు కావడానికి నాలుగు నిమిషాలుంది. ఆవిడ పళ్లు బిగబట్టి, వాగు అన్నచోటల్లా కొట్టేసి, అతను చెప్పిందే రాసింది.

అతను ముద్ర గుద్దాడు. "ఈ ముక్క ఆర్నెల్ల కిందటే రాసుంటే అయిపోను కదండీ!"