రెండు వేళ్ళ వదులు

నిన్న కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె విప్పితే పిల్లులు ఆడుకునే బొమ్మ ఒకటి బయటపడింది. సన్నటి పుల్ల, పుల్ల చివర సాగే దారం, దారం కొసన రంగు వేసిన ఈకలు, ఈకల మొదట్లో శనగగింజంత మువ్వ. మా ఇంట్లోకి పిల్లి కోసం ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు నేనే పిల్లినైపోయి దాన్ని లాగి, పీకి, కొరికి చూస్తాను. మొదటి లాగుకే మువ్వ ఊడి చేతిలోకి వచ్చింది. గొంతులో పడితే ఊపిరాడదు గనక దాన్ని తీసేశాను. ఈకలు జిగురుతో అంటించినవి, అవీ పోయాయి. సాగే దారం మింగితే పేగుల్లో చుట్టుకుంటుందని దాన్నీ కత్తిరించాను. చివరికి బూడిద అనే మా పిల్లికి మిగిలింది ఒట్టి పుల్ల. అది పుల్లను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, వెళ్ళి అట్టపెట్టెలో కూర్చుంది.

ఊడదీసినవన్నీ బీరువా మీదున్న స్టీలు డబ్బాలో వేసి మూత బిగించాను. సూదులు, దారపు కండెలు, రబ్బరు బ్యాండ్లు, జడపిన్నులు, గుండీలు, చీరల మడతల్లో పెట్టే కలరా ఉండలు, అన్నిటికీ అదే ఇల్లు. రవికకి హుక్కు ఊడితే కుర్చీ ఎక్కాల్సిందే. ఎప్పుడైనా ఎవరైనా ఇంటికొస్తే, రావడం తక్కువే అనుకోండి, అంత ఎత్తున దాచిన డబ్బాలో బంగారం ఉందనుకుంటారు. నేనూ కాదనను. ఆ డబ్బా అలవాటు నాకు ఈ జహీరాబాద్‌లోనే, చిన్నప్పుడు, నర్సవ్వ ఇంట్లో అబ్బింది.

మాది కృష్ణా జిల్లా. నాన్నకి ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని దొరికితే వచ్చి, నర్సవ్వ ఇంట్లో వెనక భాగం అద్దెకు తీసుకున్నాం. ముందు భాగంలో ఆవిడ, కొడుకు, కోడలు, మొలతాడూ మువ్వా తప్ప ఒంటి మీద నూలుపోగు లేకుండా తిరిగే మనవడు ఉండేవాళ్ళు. న్యాల్‌కల్ వైపు వాళ్ళకి పొలం. ఇంటి పక్కన రేకుల షెడ్డులో అల్లం బస్తాలు వేసేవారు. మట్టి వదలని పచ్చి అల్లం ఘాటు గోడల్లోకీ, ఉతికిన బట్టల్లోకీ, మా అమ్మ చేసే పెసరట్టులోకీ కూడా చేరేది. మొదటిరోజు నేను "మామ్మగారూ" అని పిలిస్తే ఆవిడ నవ్వి, "మామ్మ గీమ్మ ఏంది బిడ్డా, అవ్వా అను" అంది. వీధి పిల్లలకి మాత్రం నా పేరు 'ఏమండీ'. నేను ఏం మాట్లాడినా సాగదీసి వెక్కిరించేవారు. కొన్నాళ్ళకి నేను మాట్లాడటమే మానేశాను. వాళ్ళు చెరకు ట్రాక్టర్ల వెనక పరుగెత్తి గడలు లాక్కుంటుంటే, నేను మెట్టు మీద కూర్చుని చూసేదాన్ని.

ఇంట్లోనూ మాటకి కరువే. నాన్నకి రాత్రి షిఫ్టయితే పగలంతా నిద్ర. అమ్మ నోటి మీద వేలేసుకుని చూపించేది. ఆవిడ జాకెట్లు కుట్టేది, ఆ మిషను చప్పుడు మాత్రం నాన్నకి అలవాటైపోయింది. మధ్యాహ్నాలు ఆ టకటక వింటూ, నేల మీద పడ్డ గుడ్డపీలికలు ఏరుకుంటూ గడిపేదాన్ని. అలాంటి ఒక మధ్యాహ్నం, వానలు ఇంకా పూర్తిగా వెనక్కి పోని రోజుల్లో, షెడ్డులో ఖాళీ గోనెసంచుల మధ్య గుప్పెడంత పిల్లిపిల్ల దొరికింది. తల్లి జాడ లేదు. అల్లం బస్తాల్లో దొరికింది కాబట్టి అల్లం అని పేరు పెట్టాను. ఆ ఊళ్ళో నేను మొదట పూర్తి వాక్యాలు మాట్లాడింది దానితోనే.

అల్లం వచ్చాక రోజులకి రుచి వచ్చింది. ఎదురింటావిడ ఒకరోజు "ఎంత ముద్దుగున్నదో" అని దాని ఒళ్ళు నిమిరి వెళ్ళింది. ఆ సాయంత్రమే అది కక్కుకుంది. అమ్మ మిషను కింది దారపుముక్కేదో మింగి ఉంటుందని ఇప్పుడైతే అనుకుంటాను. అవ్వకి మాత్రం అది ముమ్మాటికీ దిష్టి. దూడకైనా, మనవడికైనా, కొత్త ట్రాక్టరుకైనా ఆవిడ వైద్యం ఒకటే, నల్లతాడు. వీధిలో ఆడవాళ్ళు ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుకుంటున్న ఆ అమావాస్య నాడు, అవ్వ మనవడి మొలతాడులోంచి మిగిలిన ముక్క తెచ్చి, దానికో మువ్వ గుచ్చి, అల్లం మెడకి కట్టింది. మూడు ముడులు వేసి నాకు చెప్పింది: "దీనికి కత్తెర పెట్టొద్దు బిడ్డా. కట్టిన చెయ్యే ఇప్పాలె. మల్ల ఏడాదికి నేనే మారుస్త."

మనవడి మొలతాడు ఏడాదికోసారి మార్చడం ఆ ఇంటి లెక్క. మనిషి పిల్ల కన్నా పిల్లిపిల్ల ఎంతో తొందరగా పెరుగుతుందన్న సంగతి ఎవరికీ తోచలేదు. దసరా వెళ్ళింది, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు అయిపోయాయి, చలి మొదలైంది, రొట్టెలు కాల్చే పొయ్యి దగ్గర అల్లం ఒళ్ళు విరుచుకుని పడుకునేది. బొచ్చు ఒత్తుగా వచ్చి తాడుని కప్పేసింది. మువ్వ ఒక్కటే బయటికి కనిపించేది, అందరం ఆ మువ్వనే చూసి మురిసేవాళ్ళం.

డిసెంబరు చివర ఎల్ల అమావాస్య వచ్చింది. ఈ వైపు అది చేల పండుగ. రైతులు ఇళ్ళకి తాళాలేసి, వండుకున్నవన్నీ గంపలకెత్తుకుని పొలానికి పోతారు. నర్సవ్వ వాళ్ళు కూడా పొద్దున్నే ట్రాక్టరెక్కి వెళ్ళిపోయారు. నేను పాలు పోసి పిలిస్తే అల్లం రాలేదు. షెడ్డులో ఒక మూల మెడ చాచి కూర్చుని ఉంది. నోరు తెరుస్తోంది, అరుపు రావడం లేదు. నోటి పక్కనుంచి చొంగ. ఎత్తుకుని బొచ్చులో వేళ్ళు పెట్టి వెతికితే తాడు తగల్లేదు. ఇంకా లోపలికి పోతే తగిలింది, తోలులోకి దిగిపోయి. నాకు ఏడుపు కూడా రాలేదు, అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

అమ్మ మిషను ఆపి చూసింది. కత్తెర తీసింది. మెడ దగ్గర పెట్టి, ఆగిపోయింది.

"ఆవిడ కట్టింది కదే. కట్టిన చెయ్యే విప్పాలన్నారుగా. మనం కోశాక దీనికేమన్నా అయితే? మన ఇంట్లో ఎవరికన్నా అయితే?"

మా అమ్మ పిరికిది కాదు. కానీ ఊరు కాని ఊరు, ఇల్లు ఇచ్చి కూరా నారా పంచిన మనిషి కట్టిన తాడు. దానికి తోడు దిష్టంటే అమ్మకీ నమ్మకమే. నాన్న నిద్రలో ఉన్నారు. అమ్మ కాసేపు అల్లం పక్కటెముకలు ఎగిరిపడటం చూసి, కూరల బుట్ట తెచ్చి, దాంట్లో తువ్వాలు పరిచి, "పద" అంది. కత్తెరని సంచిలో వేసుకుంది.

న్యాల్‌కల్ బస్సు పండుగ జనంతో కిటకిటలాడుతోంది. కండక్టరు బుట్ట వైపు చూసి, "ఏముందమ్మా, కోడా?" అన్నాడు. "పిల్లి, ఒంట్లో బాగోలేదండి" అంది అమ్మ. ఆయన ఇంకేం అడగకుండా ముందు సీటులో ఒకాయన్ని లేపి మమ్మల్ని కూర్చోబెట్టాడు. నేను తువ్వాలు కింద చెయ్యి పెట్టి అల్లం పొట్ట మీద ఉంచాను. పొట్ట కదులుతున్నంతసేపూ కిటికీలోంచి చూశాను, ఆగినట్టనిపించగానే బుట్టలోకి చూశాను. ఆ దారంతా కందిచేలు, చెరకు తోటలు, పొలాల్లో రంగురంగుల చీరలు. అంత అందమైన దారిలో అంత భయంతో నేను మళ్ళీ ఎన్నడూ ప్రయాణం చెయ్యలేదు.

జొన్నచేను మధ్య దుప్పటి పరుచుకుని అవ్వ వాళ్ళంతా గుండ్రంగా కూర్చుని ఉన్నారు. సజ్జరొట్టెలు, నానారకాల గింజలూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జి, పోలెలు అనే బొబ్బట్లు, ముంతలో అంబలి. మమ్మల్ని చూసి అవ్వ సంబరపడిపోయింది, పండక్కి వచ్చామనుకుంది. "రా తల్లీ, కూసోండ్రి" అంటూ జరిగి చోటిచ్చింది. అమ్మ బుట్ట మీది తువ్వాలు తీసింది.

అవ్వ చెయ్యి కడుక్కుని అల్లం మెడ మీద పెట్టింది. తాడు కింద వేలు దూర్చబోయింది, దూరలేదు. చిటికెనవేలు పెట్టింది, అదీ దూరలేదు. కొడవలి కోసం చూస్తుంటే అమ్మ సంచిలోంచి కత్తెర తీసి ఇచ్చింది. అవ్వ కత్తెర వైపూ అమ్మ వైపూ చూసింది.

"కత్తెర సంచిల బెట్టుకొని గింత దూరం వచ్చినవా తల్లీ? ఆడనే కోసెయ్యకపోయినవు?"

"మీరు కట్టింది కదండీ" అంది అమ్మ.

కోడలు బొచ్చు విడదీసి పట్టుకుంటే, అవ్వ కత్తెర మొన తోలుకి తగలకుండా ఒక్కో పోగూ కోసింది. చివరి పోగు తెగగానే అల్లం గొంతులోంచి గుర్రుమని గాలి వచ్చింది, తర్వాత అరుపు వచ్చింది. అప్పుడు ఏడ్చాను నేను. అవ్వ తాడుని అరచేతిలో పెట్టుకుని చూసింది. "నోరు లేని జీవి, పెరుగుతదన్న సోయి లేకపాయె నాకు. దిష్టి ఎవ్వలది గాదు, నాదే" అని చేనులోకి విసిరేసింది. కొడుకుతో ట్రాక్టరు తీయించి, పండుగ సగంలో వదిలి, మాతోపాటు ఊళ్ళో పశువుల దవాఖానకి వచ్చింది. బర్రెలకి మందులిచ్చే డాక్టరు పిల్లిని చూసి కాస్త తికమకపడ్డా, గాయం కడిగి పూతమందు ఇచ్చాడు. అల్లం బతికింది. మెడ చుట్టూ ఆ గీత మీద మళ్ళీ బొచ్చు రాలేదు.

మర్నాడు అవ్వ ఒక గట్టిమూత డబ్బా పట్టుకుని నన్ను వెంటేసుకుని ఇల్లంతా తిరిగింది. బస్తాలు కుట్టే సుతిలి తాడు, గాలిపటం మాంజా, మిఠాయి పొట్లాల రబ్బరు బ్యాండ్లు, పగిలిన గాజుముక్కలు, మా అమ్మ మిషను కింది పోగులు, ఊడిపోతున్న నా బొమ్మ కన్ను, అన్నీ దాంట్లోకి పోయాయి. ఎలుకల మందైతే ఇంట్లోంచే పోయింది. ఆ తర్వాత ఆవిడకి కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. కనిపించిన ప్రతి తాడు కిందా రెండు వేళ్ళు దూర్చి చూసేది. దూడ పలుపు, మనవడి మొలతాడు, నా జడ రిబ్బను కూడా. "రెండు వేళ్ళు దూరాలె, లేకుంటె ప్రేమ గాదది, ఉరి" అనేది.

నాన్న ఉద్యోగం మారి మేం ఊరు వదిలిన రోజు, అల్లాన్ని అవ్వ దగ్గరే ఉంచాం. పిల్లి ఇంటిని మరుగుతుంది గాని మనిషిని మరగదని అందరూ నన్ను ఓదార్చారు. అల్లం షెడ్డు రేకు మీద కూర్చుని లారీలో సామాను ఎక్కించడం చూసింది. అవ్వ నా మణికట్టుకి నల్లతాడు కట్టి, రెండు వేళ్ళు దూర్చి చూసి, "నువ్వు పెరుగుతవు బిడ్డా. బిగుసుకుంటె ఎవ్వలకన్న జెప్పు" అంది.

ఇన్నేళ్ళ తర్వాత ఉద్యోగం నన్ను మళ్ళీ ఈ ఊరికే తెచ్చింది. అవ్వ లేదు. షెడ్డు ఉన్నచోట టైర్ల దుకాణం ఉంది, అల్లం వాసన బదులు రబ్బరు వాసన. అవ్వ కోడలు కనిపించి, అల్లం చాలా ఏళ్ళు బతికిందనీ, చివరిదాకా షెడ్డు వదల్లేదనీ చెప్పింది. నా అపార్ట్‌మెంట్లో పక్కవాళ్ళ పేర్లు నాకు తెలీదు, నా పేరు వాళ్ళకీ తెలిసుండదు. వెక్కిరించడానికైనా 'ఏమండీ' అని పిలిచేవాళ్ళు లేరు.

మొన్న ఆఫీసులో ఒకావిడ తీర్థయాత్ర నుంచి వచ్చి అందరికీ చేతికి ఎర్రదారం కట్టింది, నాకూ కట్టింది. ఇవాళ బొమ్మ పుల్లని పక్కన పడేసి, ఆ దారం కింద వేళ్ళు దూర్చి చూసుకున్నాను. ఒకటే దూరింది. బిగుసుకుంటే ఎవరికన్నా చెప్పమంది అవ్వ. బూడిదకి చెప్పాను.