ఇంటర్వెల్ దాకా ఉన్న మొహం

మాచర్ల శివార్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే మిషన్ దగ్గర పనిచేసేది కవిత. నల్లటి మనిషి, ఎత్తుపళ్లు. ఎవరన్నా ఫొటో తీస్తామంటే మెల్లగా వెనక వరసలోకి జారుకునేది. అందుకని ఏడుస్తూ కూర్చునే రకం కాదు. తన మొహం గురించి కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ లేదనుకునేది, అంతే.

పోయిన వేసవిలో ఆ పక్కకి ఎవరో సినిమావాళ్లు వచ్చారు. ప్రేమకథ, నవ్వులాట కథ. జనంలో నిలబడటానికి మనుషులు కావాలంటే ఆడబిడ్డ యశోదతో కలిసి కవిత కూడా పోయింది. మేకప్ చేసే వాసంతి అనే అమ్మాయి ఆమెను పక్కకి పిలిచింది.

"అక్కా, ఒకసారి నవ్వు. ఇటు తిరుగు."

ఫోన్లో వీడియో తీసుకుంది. ఏదో వేషం ఇస్తారనుకుంది కవిత. సాయంత్రానికి యశోద వాడంతా చెప్పేసింది.

మర్నాడు వెళ్లేసరికి కుర్చీలో హీరోయిన్ కూర్చుని ఉంది. తెల్లటి పిల్ల. వాసంతి ఆమె మొహానికి నల్లరంగు పూసి, పళ్ల మీద ఎత్తుపళ్ల సెట్టు తొడిగింది. కాసేపటికి అద్దంలో అచ్చం కవిత కనపడింది.

"పోదాం పదవే. మనల్ని ఎగతాళి చేస్తన్నారు," అంది యశోద.

కవిత కదల్లేదు. తన మొహం ఇంకొకళ్ల మీద ఉంటే చూడకుండా ఎట్టా పోవటం? ఇంకా దగ్గరికి జరిగింది. హీరోయిన్ నవ్వుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అదెందుకమ్మా?"

"మీరు అలాగే నవ్వుతారు కదండీ. వీడియోలో చూశాను."

ఆ సంగతి కవితకు తెలీదు. వాసంతి వైపు తిరిగింది.

"కథేంది?"

"ఈ అమ్మాయిని హీరో పట్టించుకోడు. తర్వాత అందంగా తయారవుద్ది. అప్పుడు ఇష్టపడతాడు."

"ఎప్పుడు?"

"ఇంటర్వెల్ అయ్యాక."

"మరి ఈ మొహం?"

"తీసేస్తాం అక్కా," అనేసింది వాసంతి. అన్నాక తల వంచుకుని బ్రష్షులు కడగటం మొదలుపెట్టింది.

సినిమా వచ్చినాక భర్త బ్రహ్మాజీతో కలిసి చూడటానికి పోయింది కవిత. ఆ మొహం తెర మీదికి రాగానే హాలంతా నవ్వింది. కవిత సీట్లో కిందికి జారింది. కానీ తెర మీద పిల్ల ఊరుకునే రకం కాదు. హీరోని ఆటపట్టించింది, బస్సులో సీటు కోసం పోట్లాడింది, కళ్లు చికిలించి నవ్వింది. ఆ నవ్వుకి హాలు మళ్లీ నవ్వింది. ఈసారి నవ్వు వేరు. నేను నవ్వితే ఇట్టా ఉంటానా అని కవిత ముందుకు వంగి చూసింది.

ఇంటర్వెల్ అయ్యాక తెల్లటి పిల్ల వచ్చింది. మొదటి పిల్ల ఒక్కసారన్నా మళ్లీ వస్తుందేమోనని కవిత చివరిదాకా ఎదురుచూసింది. రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద అడిగింది.

"ఎట్టుంది సినిమా?"

"ముందు సగం చానా బాగుంది," అన్నాడు బ్రహ్మాజీ.

"ఎందుకని?"

"ఏమో. తర్వాత ఆ పిల్లలో పొగరు లేకపాయె."

కవిత వదల్లేదు. పోట్లాడినప్పుడు బాగుందా, నవ్వినప్పుడా? హాల్లో వాళ్లు మొదట ఎందుకు నవ్వినట్టు? నువ్వూ నవ్వావా?

"నవ్వా. మొదట్లో," అన్నాడతను.

ఆమె ఇంకేదో అడగబోయింది. గాలికి సగం మాటలు వినపడక, బ్రహ్మాజీ టీ కొట్టు ముందు బండి ఆపాడు.

"ఇప్పుడు అడుగు," అన్నాడు.