ఆవిరికి ఎదురొచ్చిన మబ్బు

మా బావ లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తాడు. వారంలో ఆరు రోజులు ఆవిరి మధ్య నిలబడి చొక్కాల ముడతలు తీస్తాడు. ఏడో రోజు కొండెక్కి మళ్ళీ ఆ ఆవిరినే ఫోటోలు తీస్తాడు. ఇదేం పిచ్చి అని అక్క అడగని వారం లేదు. నాకూ అదే అనుమానం. కానీ ఆ మనిషంటే నాకు ప్రాణం, అందుకే నోరు మూసుకుని సంచులు మోస్తాను.

కొండ మీద వేడినీటి ఊట ఉంది. చలికాలం పొద్దున్నే దాని ఆవిరి పైకి లేస్తుంది, ఎప్పుడో ఒకనాడు శిఖరం మీది మబ్బు కిందికి దిగుతుంది. ఆ రెండూ కలవడం తియ్యాలని బావ మూడేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. గాలికి కదలకుండా స్టాండుకు రాళ్ళ సంచి వేలాడదీసి, కెమెరా పది సెకన్లకో ఫోటో తీసేలా పెడతాడు. రెండు గంటల ఫోటోలన్నీ కలిపి పరిగెత్తిస్తే అర నిమిషం సినిమా. ఒకసారి మొదలయ్యాక కెమెరా ముందుకు ఎవరైనా వచ్చారా, అంతా నీళ్ళపాలే. ఈ సంగతి నాకు వందసార్లు చెప్పి ఉంటాడు.

అక్కను కూడా రమ్మని బావ పెళ్ళయిన దగ్గర్నుంచీ బతిమాలుతున్నాడు. ఆమె మోకాళ్ళ నొప్పులని తప్పించుకునేది. పోయిన నెల ఏమనుకుందో ఏమో, బయల్దేరింది. దారిలో పదిచోట్ల కూర్చుని, మా వెనక చాలాసేపటికి పైకి చేరింది. అప్పటికే కెమెరా నడుస్తోందని ఆమెకు తెలియదు. తిన్నగా ఊట దగ్గరికి వెళ్ళి, చెప్పులు విడిచి, అంచున రాయి మీద కూర్చుని కాళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టింది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చిందిరా తమ్ముడూ!" అంది.

సరిగ్గా అప్పుడే మబ్బు దిగడం మొదలైంది. నేను కంగారుగా అక్కను పిలవబోతే బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మా కళ్ళ ముందే మబ్బూ ఆవిరీ కలిసిపోయాయి. అక్క మాత్రం మోకాళ్ళు నిమురుకుంటూ హాయిగా కూర్చునే ఉంది. మూడేళ్ళ కష్టం మట్టిపాలైందని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు ముగ్గురం కంప్యూటరు ముందు కూర్చున్నాం. మబ్బు కొండ మీంచి దూకుతోంది, ఆవిరి దానికి ఎదురు పరిగెడుతోంది. ఆ హడావిడి మధ్య శాలువా కప్పుకున్న అక్క వీపొక్కటే కుదురుగా ఉంది.

అక్క తల పట్టుకుంది. "అయ్యయ్యో, నడిమధ్యలో నేనేంటండీ! ఒక్క మాట చెప్తే లేచేదాన్నిగా!"

"లేస్తావనే చెప్పలేదు," అన్నాడు బావ.