ఏడు గిన్నెలు, ఒక్క బాదంపప్పు

పోయిన క్రిస్మస్ సెలవులకు మేము సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోవడానికి కారణాలు రెండు. అత్తవారి ఊరు చూసి రెండేళ్ళు దాటింది. పోలీసు చర్యకు ముందు గడబిడలో బస్సులు నడవలేదు. ఆ తర్వాత నడిచినా ఎక్కడానికి కొన్నాళ్ళు ధైర్యం చాలలేదు. రెండో కారణం మా మరదలు రూతు. ఆమెకు పద్దెనిమిదేళ్ళు. నర్సు పని నేర్చుకోవాలని పట్టు. కోదాడ మిషన్ దవాఖానలో పనిచేసే ఇంగ్రిడ్ దొరసాని ఆమె కోసం కోస్తా వైపు ఒక పెద్ద దవాఖానలో చోటు మాట్లాడి పెట్టింది. జనవరి మొదటి వారంలో చేరాలి. దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలి. మా మామ యాకోబు అప్పటికే రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారికి ఉత్తరం చాలదని, దొరసానినే వెంట తీసుకుపోదామని మా ఇంటామె శాంతమ్మ నిశ్చయించింది.

దొరసానిది డెన్మార్క్ దేశం. పదకొండేళ్ళుగా పండుగకు ఇంటి ముఖం చూడలేదు. రమ్మని రాయగానే జవాబు వచ్చింది: "నేను తప్పక వచ్చెదను. మీ ఇంట మా దేశపు పండుగ వంట చేసెదను. ఒక బాదంపప్పు తీసికొని రండి." ఆమె తెలుగు నేర్చుకున్నది బైబిలు చదివి. నోటితో మాట్లాడినా అట్లాగే ఉంటుంది.

సూర్యాపేట బజారులో కిరాణా దుకాణం శెట్టి నా మాట విని తక్కెడ కింద పెట్టాడు.

"ఒక్క బాదంపప్పా? పంతులూ, మందుల నూరనీకి గూడ రెండు పడ్తయి. ఛటాకు కంటే తక్కువ తూయ."

ఛటాకు పొట్లం కట్టించుకున్నాను. తర్వాత జరిగినదానికి ఆ శెట్టి కూడా కొంత బాధ్యుడు.

ఇరవై నాలుగో తేదీ పొద్దున ఆరు గంటలకు కోదాడ బస్సు. అది బొగ్గు బస్సు. వెనక పొయ్యి రాజుకునే దాకా కదలదు కనుక ఆరంటే ఆరున్నర అనుకోవాలి. ఛార్జీ తలకు పద్నాలుగు అణాలు, నిజాం వారి హాలీ సిక్కా నాణెంలో. వెనక సీట్లలో కూర్చుంటే పొగ, ముందు కూర్చుంటే చలి. మేము చలి ఎంచుకున్నాము. సగం దారి దాటేసరికి ఎండ వచ్చింది. రెండు పక్కలా ఆముదం చేలు, మధ్యలో జొన్న. తొమ్మిదిన్నరకు కోదాడలో దిగితే దొరసాని తోలు పెట్టె, గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తిన్నాము. అక్కడి మాట అప్పుడే ఆంధ్ర వైపు తిరుగుతుంది.

"మేష్టారూ, దొరసానిగారికి చట్నీలో కారం తగ్గించమంటారా?" అని హోటలాయన నన్ను అడిగాడు.

"తగ్గింపకుడి. ఇంకను వేయుడి," అంది దొరసాని. ఆయన వేసిన చట్నీకి కాణీ తీసుకోలేదు.

కోదాడ నుంచి పది గంటల బస్సు హుజూర్‌నగర్ మీదుగా నేరేడుచర్ల దాకానే పోతుంది. అవతల బాట బాగాలేదు. పన్నెండున్నరకు దిగి, బియ్యం మిల్లు దగ్గర ఎద్దుబండి మాట్లాడుకున్నాము. పదిహేను మైళ్ళకు మూడు రూపాయలు కిరాయి, ఎడ్లకు మేత మనదే. బండి తోలేవాడు సైదులు. పాలకీడు మనిషి. నోరు మూయడు. మూసీ ఏటిలో మోకాలి లోతు నీళ్ళు. ఎడ్లు దాటి గట్టెక్కాక వాడు వెనక్కి తిరిగి దొరసానితో ముచ్చట మొదలుపెట్టాడు.

"అమ్మా, మీ దేశంల గూడ ఎడ్లబండ్లేనా?"

"ఈ కాలమందు నేల మీద మంచు మోకాళ్ళ వరకు ఉండును. అప్పుడు మా బండ్లకు చక్రములు ఉండవు. పలకల మీద జారును. గుఱ్ఱము లాగును."

సైదులు తన బండి చక్రం వైపు వంగి చూశాడు. "చక్రాలే లేవంటే ఇరుసుకు కందెన పెట్టే బాధ లేదన్నట్టు. మంచి దేశమే. మరి పొద్దుగాల లేసి ఏం జేస్తరు?"

"సూర్యుడు తొమ్మిది గంటలకు గాని లేవడు."

"గట్లనా! మా మామను గా దేశం తోల్తె బాగుండు. ఆయన గూడ గప్పుడే లేస్తడు."

దొరసాని నవ్వి గొడుగు కింద పెట్టేసింది. మిర్యాలగూడ చేరేసరికి ఆరున్నర. ఎడ్లు అలసిపోయాయి కనుక సైదులును ఆ రాత్రికి మా అత్తవారింటనే ఉండమన్నారు.

మా మామ బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు. ఒక గింజ అటు పోదు, ఇటు పోదు. మాట కూడా అంతే. దొరసానిని మర్యాదగా మంచం మీద కూర్చోబెట్టి, ఆమె నోరు తెరవకముందే అన్నాడు: "అమ్మా, పండుగకు అచ్చిన్రు, సంతోషం. రూతు ముచ్చట మాత్రం ఎత్తకున్రి. రోజులు బాగలెవ్వు. ఆడపిల్లను పరాయి ఊరు తోల." రూతు చెంబుతో నీళ్ళు ఇచ్చి లోపలికి పోయింది. శాంతమ్మ నా వైపు చూసింది. ఇంత దూరం వచ్చిన పని గడప దగ్గరే ముగిసినట్టు కనబడింది.

దొరసాని ఆ మాట ఎత్తలేదు. వంటింట్లోకి పోయి, బియ్యం పాలలో మెత్తగా ఉడికించి, వెన్న, దాల్చినచెక్క పొడి సిద్ధం చేసింది. మా అత్త ఏలియమ్మ గరిటె తిప్పుతూ పెదవి విరిచింది. "బెల్లం లేదు, యాలకులు లెవ్వు. బాలెంతకు పెట్టే జావ లెక్కున్నది." బాదం పొట్లం నేను ఆమె చేతికే ఇచ్చాను. వేడినీళ్ళలో వేసి తొక్క తీయమని దొరసాని చెప్పింది.

తర్వాత దొరసాని బయటికి వచ్చి ఆ వంటతో వచ్చే ఆచారం అందరికీ వివరించింది. గిన్నెలన్నిటిలో ఒక్క దానిలోనే బాదంపప్పు ఉంటుంది. దొరికినవారు నమలకుండా దౌడలో దాచుకోవాలి. ఆఖరి గిన్నె ఖాళీ అయ్యే దాకా బయటపెట్టకూడదు. అప్పుడు ఇంటి యజమానిని ఒక్క కోరిక అడగవచ్చు. ఆయన శక్తిలో ఉన్నదైతే కాదనకూడదు. వాళ్ళ తండ్రి ఒక ఏడు ఇట్లాగే ఆమె తమ్ముడికి ఆవుదూడను ఇచ్చాడట.

మామ నవ్వాడు. మనుషులు ఏడుగురు, పప్పు ఒకటి. లెక్క ఆయనకు తెలియనిది కాదు. "సరే. మాటంటే మాటే," అన్నాడు.

వంటింటి తలుపు చాటున అత్త గాజుల చప్పుడు ఆగింది.

మేము ఆరుగురం చాప మీద వరుసగా కూర్చున్నాము. అత్త వడ్డించి, తన గిన్నె పొయ్యి పక్కన మూతపెట్టుకుంది. నాలుగో ముద్దలో నా పంటికి గట్టిగా తగిలింది. దౌడలోకి తోసుకున్నాను. అదృష్టం నాదే అనుకుని తల దించుకుని తిన్నాను. వింతేమిటంటే, ఎవరూ మాట్లాడలేదు. సైదులు కూడా మాట్లాడలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

గిన్నెలు ఖాళీ అయ్యాయి. "ఎవరికి దొరికెను?" అంది దొరసాని, కొంచెం ముద్దగా.

మామ అరచేతిలోకి పప్పు ఉమ్మి పైకెత్తి చూపించాడు. "ఇల్లు నాది, పప్పు నాకే అచ్చింది. నా కోరిక గిదే: రూతు ఇంట్లనే ఉండాలె."

రూతు ముఖంలో రంగు పోయింది. అయినా మెల్లగా నోరు తెరిచి తన పప్పు చూపించింది. "నాయినా, నాకు గూడ అచ్చింది. నేను పోత."

"నాకూ ఉన్నది," అంది శాంతమ్మ. నేను నాది తీశాను. దొరసాని తనది తీసి, దాన్ని, మమ్మల్ని మార్చి మార్చి చూసింది. సైదులు అప్పటికే నమిలి మింగాడు. "నాకు గూడ అచ్చింది, దేవుని తోడు! ఎడ్లకు రెండు మోపుల చొప్ప ఇప్పిస్తే సాలు."

నవ్వులు ఆగడానికి కొంతసేపు పట్టింది. మామ ఒక్కడే నవ్వలేదు. "ఏలియమ్మా! ఒక్కటె ఎయ్యమంటే గిదేంది?"

అత్త గిన్నె పట్టుకుని వచ్చింది. "ఒక్కటె ఎట్లేస్త? అల్లుని గిన్నెల పడకుంటె అల్లుడేమనుకుంటడు? దొరసానమ్మ గిన్నెల పడకుంటె సుట్టం ఏమనుకుంటది? గిన్ని పప్పులు పెట్టుకోని ఒక్కలకేసి ఆరుగురిని సూడుమంటరా? గదేం మర్యాద?"

"సరే తియ్. ఇద్దరి కోరికలు అడ్డం పడ్డయి. పెద్దోనిదే నిలుస్తది," అన్నాడు మామ.

దొరసాని చేయెత్తింది. "ఆఖరి గిన్నె ఇంకను ఖాళీ కాలేదు."

అత్త గోడకు ఆనుకుని కూర్చుని తినసాగింది. తొందరపడలేదు. బాలెంత జావ అన్నది కదా, అడుగున వెన్న కూడా వేలితో తుడిచి తిన్నది. ఏడుగురిలో ఆరుగురం ఆమె నోటి వైపే చూస్తున్నాము. తర్వాత పప్పు తీసి కొంగుకు తుడిచి, మామ ముందు చాప మీద పెట్టింది.

"నాది ఆఖరిది. నువ్వు అడిగింది వాపసు తీస్కో."

"గదేం కోరికే?"

"నీ శక్తిల లేనిదా? మాటంటే మాటే అన్నవ్."

మామ చేతిలోని పప్పును చాలాసేపు చూశాడు. కాటా మీద రాయి చూసినట్టు చూశాడు. ఆ తర్వాత నోట్లో వేసుకుని నమిలాడు.

"ప్రతి క్రిస్మస్‌కు ఇంటికి రావాలె," అన్నాడు రూతుతో. సైదులును చొప్ప కోసం పెరట్లోకి తీసుకుపోయాడు.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక సంతకం పెట్టాడు. సైదులు కూడా పండుగకు మాతోనే ఆగిపోయాడు. ఇరవై ఏడో తేదీ వాడి తిరుగు బండిలో రూతు, ఆమె రేకుపెట్టె కూడా ఉన్నాయి. దొరసాని దారిలో నాతో ఒక మాట అన్నది: వాళ్ళింట్లో ప్రతి ఏడు ఒకరు గెలిచేవారట, తక్కినవారు చప్పట్లు కొట్టేవారట. అందరికీ పప్పు రావడం ఆమె చూడలేదు. ఇల్లు జ్ఞాపకం వచ్చిందా అని నేను అడగలేదు. ఏటి దగ్గర ఆమె సైదులు పక్కన కూర్చుని పగ్గాలు పట్టింది. ఇన్ని మైళ్ళు పోయి నేను తెలుసుకున్నది పెద్దదేమీ కాదు. ఒక ఇంటి ఆచారం ఇంకో ఇంటికి వస్తే అక్కడి వంటింటి మర్యాదను బట్టి మారుతుంది. మా ఇంట్లో మారింది కనుకనే రూతు ఇప్పుడు కోస్తాలో ఉంది.

ఈ దారిన పోదలచినవారు నేరేడుచర్లకు పన్నెండున్నరలోపు చేరేటట్టు చూసుకోండి, ఆలస్యమైతే పగటి పూట ఏరు దాటలేరు. బాదంపప్పు సూర్యాపేటలోనే కొనండి. ఛటాకు మొత్తం ఇంటావిడ చేతికే ఇవ్వండి.