నేను విప్పని డంపర్

పన్నెండేళ్లుగా ఒక మాట నా లోపలే ఉంచుకొని తిరుగుతున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

కోరుట్లలో మోటారుసైకిళ్లు బాగుచేయడం నా పని. ఆ ఏడాది గల్ఫ్‌కు పోదామని రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ మెడికల్ టెస్టులోనే ఆగిపోయాను. సరిగ్గా అప్పుడే మేడిపల్లి నుంచి రాజలింగం నా షాపుకు వచ్చాడు. గోడలు కట్టే మేస్త్రీ. మస్కట్ వీసా వచ్చిందట, వారంలో విమానమట. వెళ్లేలోగా కోనరావుపేటలో ఉన్న అక్కను చూసి రావాలట. అతనిది తండ్రి నడిపిన పాత, బరువైన బండి. వేగం పెంచితే హ్యాండిల్ ఊగిపోతోందన్నాడు.

చూడగానే తెలిసిపోయింది. హ్యాండిల్ అలా కొట్టుకోకుండా పట్టి ఉంచేది స్టీరింగ్ డంపర్. దాని లోపలి ఫైబర్ బిళ్లలు అరిగినా, వాటికి గ్రీజు అంటినా పట్టు పోతుంది. విప్పి, తుడిచి, కొత్త బిళ్లలు వేయాలి. గంట పని. అతను చాయ్ తాగడానికి వెళ్లాడు. నేను విప్పలేదు. అప్పటికి ఊగకుండా పైనున్న నాబ్ మాత్రం గట్టిగా బిగించి, అతను రాగానే అయిపోయిందన్నాను.

ఎందుకు? బిళ్లలు షాపులోనే ఉన్నాయి. తీరికా ఉంది. అతని ముఖంలో సంతోషం చూస్తే నాకు ఒళ్లు మండింది, అంతే. దానికి ఇంకాస్త మర్యాదైన కారణం దొరుకుతుందేమోనని ఇన్నేళ్లూ నాలో నేనే వెతుక్కున్నాను. లేదు.

అక్క ఊరి నుంచి తిరిగి వస్తూ రోడ్డు దిగుడులో బండి మీంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. బండిని ట్రాలీలో నా దగ్గరికే తెచ్చారు. తెచ్చినవాళ్లు వెళ్లాక డంపర్ విప్పాను. కొత్త బిళ్లలు వేశాను. పాతవి మురికికాలువలో పడేశాను. ఆ గంట పని అప్పుడెంత శ్రద్ధగా చేశానో!

నాలుగో రోజు చేతికి కట్టుతో అతను, వెంట భార్య సుజాత వచ్చారు.

“అన్నా, బండిల ఏమన్న ఖరాబున్నదా? హ్యాండిల్ ఒక్కసారే కొట్టుకున్నది. ఎంత పట్టినా ఆగలే.”

“మొత్తం విప్పి చూసిన తమ్మీ. బండి మంచిగనే ఉన్నది.”

“నేను చెప్తలేనా!” అంది సుజాత. “అక్కోళ్లింట్ల తాగిండు అన్నా. నాతోని అబద్ధం ఆడుతున్నడు.”

“తాగలేదే,” అన్నాడు రాజలింగం. నా వైపు చూశాడు. నేను పానా తీసుకొని ఇంకో బండి దగ్గరికి వెళ్లిపోయాను.

వీసా పోయింది. మణికట్టు వంకరగా అతుక్కుంది. ఇటుక ఎత్తలేకపోయాడు. అతని బదులు సుజాత ఇంటిపనికి కువైట్ పోయి ఆరేళ్లు ఉంది. తాగి ఇల్లు ముంచాడన్న కోపంతోనే పోయింది. ఆ మాట ఊరంతా నమ్మింది.

చెబుదామని రెండుసార్లు మేడిపల్లి వెళ్లాను. ఒకసారి గడప దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఇంకోసారి అతను చాయ్ పోయించాడు, తాగి వచ్చేశాను. బండి ఇప్పటికీ నా దగ్గరికే తెస్తాడు. “నువ్వైతేనే నమ్మకం అన్నా,” అంటాడు. ఆ మాటకు నా మీద నాకే పుట్టే కసిని ఏం చేసుకోవాలో తెలియదు.

ఇక్కడ రాస్తే అతనికి చెప్పినట్టు కాదు. అదీ తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడిగి లాభం లేదు, అది మీ చేతిలో లేదు. కానీ రాజలింగం ఆ రోజు తాగలేదు. అబద్ధం ఆడింది నేను. ఈ మాట మొదటిసారి నా లోపలి నుంచి బయటికి వచ్చింది.