టేపమ్మ కత్తిరించేసిన అర అంగుళం

మెడలో కొలతల టేపు లేకుండా ఆ దర్జీ ఆవిడను చూసినవాళ్లు లేరు, అందుకే వీధి వీధంతా టేపమ్మ అనేవారు. ఒంట్లో ఏ వంక ఉన్నా బట్టలో కనబడనివ్వదు, అదీ ఆవిడ గొప్ప. ఆ గొప్ప చెప్పుకోవడానికి మొహమాటమూ పడదు.

పదమూడేళ్ల కూతురికి గౌను కుడుతూ, ఎడమపక్క అంచు అర అంగుళం కిందికి దిగడం చూసింది. చెయ్యి అలవాటుగా ఆ అర అంగుళం కత్తిరించేసింది. ఏడాది పొడుగునా ప్రతి గౌనుకూ అదే వైద్యం.

ఆటల దుస్తుల్లో పిల్లను చూసిన బడి టీచరు, నడుము ఒరిగినట్టుంది, డాక్టరుకు చూపించమని చీటీ రాసింది. టేపమ్మ ఆ చీటీ రెండుసార్లు చదివింది. కన్నతల్లి కొలిచి మరీ కప్పేసింది! పిల్ల వెన్ను తన వల్లే పాడైపోయిందా?

ఆస్పత్రిలో డాక్టరమ్మ నోరు తెరవకముందే టేపమ్మ గడగడా చెప్పేసింది. "సంచి ఒక్క భుజానికే తగిలిస్తుందండీ. నా మిషను పక్కన వంగి కూర్చునే చదువుతుంది. తప్పంతా నాదే."

"ఆగండమ్మా," అంది డాక్టరమ్మ. "సంచికీ, కూర్చునే తీరుకీ వెన్నెముక వంకర తిరగదు. ఈ వయసులో చాలామందికి ఎందుకొస్తుందో మాకే తెలీదు. కొన్ని కుటుంబాల్లో వరసగా వస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఎముక తేడా, కొందరికి కండరాల జబ్బు. ముందు చూడనివ్వండి."

పిల్లను వంగమంది. వీపు రెండు పక్కలా సమంగానే ఉంది. కూర్చోబెడితే వెన్ను తిన్నగా ఉంది. నిలబెడితే మళ్లీ ఒరిగింది. అప్పుడు ఎడమ పాదం కింద పలచని చెక్క పెట్టింది. పిల్ల నిటారుగా నిలబడింది!

"ఎడమ కాలు కాస్త పొట్టి, అంతే. బూటులో మెత్త వేద్దాం. ఎదిగే పిల్ల కదా, ఆరు నెలలకోసారి తీసుకురండి."

"నాకు ఏడాదిగా తెలుసండీ," అంది టేపమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "అర అంగుళం. దాచేశాను."

డాక్టరమ్మ కాలు కొలిచి పకపకా నవ్వింది. "సరిగ్గా అంతే! ఈసారి కత్తెర పట్టకముందు నాకు చెప్పండి."

టేపమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పిల్ల మాత్రం మెట్లు రెండేసి దూకుతూ దిగిపోయింది.

వారం తిరక్కుండానే ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. "దీనికి ఒక భుజం ఎత్తు. ఎవరికీ కనబడకుండా కుట్టాలి, టేపమ్మా."

"కుడతా. ముందు డాక్టరు చూడాలి."

"అమ్మో, నాకు భయం."

"నాకూ భయమేసింది. పద, తోడొస్తా," అని టేపమ్మ కొట్టుకు తాళం వేసింది.